శరణు అడగని కుక్క

భయపడిన వీధికుక్కను ఇంట్లోకి తెచ్చుకోవాలా వద్దా అన్నది దయకు సంబంధించిన ప్రశ్న అని చాలామంది అనుకుంటారు. దయ ఉంటే తెస్తారు, లేకపోతే తలుపేసుకుంటారు. అంత తేలిగ్గా తేలేదైతే దీని మీద సంవాదమే అక్కర్లేదు. కింద మాట్లాడుకుంటున్న ఇద్దరికీ దయ ఉంది. ఒకరు ఏళ్ళ తరబడి పశువుల ఆస్పత్రుల్లో పనిచేసి, రిటైరై కాకినాడలో ఉంటున్న పశువైద్యుడు. రెండోవారు ఆయన అన్న కూతురు, హైదరాబాద్‌లో అద్దె ఫ్లాటులో ఉంటూ ఉద్యోగం చేసుకుంటున్న అమ్మాయి. దీపావళి రాత్రి టపాసుల మోతకి ఎక్కడినుంచో పరిగెత్తుకొచ్చిన కుక్క ఒకటి ఆమె ఉండే అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో జనరేటర్ వెనక దూరింది. ఆ తర్వాత అక్కడినుంచి కదలడం లేదు. బాబాయి చుట్టపుచూపుగా వచ్చి ఉన్నాడు.

అమ్మాయి: రేపు సెలవు బాబాయ్. ఎలాగోలా దాన్ని పట్టుకుని పైకి తెచ్చేస్తాను. బాల్కనీలో పాత దుప్పటి వేస్తే చాలు.

బాబాయ్: పట్టుకోవడానికి నువ్వు సిద్ధమే. పట్టుబడటానికి అది సిద్ధంగా ఉందా?

అమ్మాయి: తోక కడుపులోకి ముడుచుకుని వణుకుతోంది. మనిషి అలికిడైతే అన్నం ముట్టదు. దాన్ని అలా వదిలేసి నేను పైన అన్నం ఎలా తినను? కుక్కని వదిలి స్వర్గానికి రానన్న ధర్మరాజు కథ చిన్నప్పుడు నాకు చెప్పింది నువ్వే కదా.

బాబాయ్: నేనే చెప్పాను. ఇప్పుడు ఆ కథ ఇంకోసారి చూడు. మహాప్రస్థానానికి బయల్దేరింది పాండవులైదుగురూ, ద్రౌపదీ. ఏడోది కుక్క. ధర్మరాజు దాన్ని పిలవలేదు, మెడకి తాడు కట్టలేదు. హస్తినాపురం నుంచి తనంతట తానే వెంట నడిచింది. దారిలో ఒక్కొక్కరే పడిపోతున్నా నడక ఆపలేదు. ఇంద్రుడు రథం తెచ్చి కుక్కని వదిలి రమ్మంటే, నమ్ముకుని వచ్చినదాన్ని వదలనన్నాడు. నమ్ముకుని రావడం అనేది అక్కడ ముందే జరిగిపోయింది. నీ కుక్క నిన్ను చూస్తేనే గోడకి అతుక్కుపోతోంది. అది నిన్ను శరణు అడగలేదు.

అమ్మాయి: అడగలేకపోవడం, అక్కర్లేకపోవడం ఒకటేనా? వెట్టిచాకిరిలో ఉన్నవాడు పోలీస్ స్టేషన్ గడప తొక్కడు. మొగుడి చేత దెబ్బలు తినే ఆడది పక్కింట్లో చెప్పుకోదు. ఫిర్యాదు లేదు కాబట్టి బాధ లేదందామా? ఎంత ఎక్కువ భయపడితే అంత తక్కువ అడుగుతారు. అడిగినవాళ్ళకే శరణు ఇస్తామంటే, అది అసలు కావలసినవాళ్ళకి ఎప్పటికీ అందదు.

బాబాయ్: ఒప్పుకున్నాను. కానీ దానికో షరతు ఉంది. నోరులేనిదాని తరఫున దాని కోరికేమిటో నువ్వే ఊహిస్తున్నావు. నీ ఊహ తప్పయితే ఆ సంగతి చెప్పుకునే దారి దానికి ఉండాలి. వెట్టి నుంచి బయటపడినవాడు ఏదో ఒకరోజు నోరు విప్పుతాడు. ఐదో అంతస్తు బాల్కనీలో పెట్టి తలుపేస్తే కుక్క ఎలా చెబుతుంది?

అమ్మాయి: వణుకు మానేస్తే ఇష్టపడినట్టే కదా.

బాబాయ్: అక్కడే పొరబడతారు. 1967లో అమెరికాలో సెలిగ్మన్, మేయర్ అనే ఇద్దరు కుక్కల మీద ఓ ప్రయోగం చేశారు. క్రూరమైన ప్రయోగమే. కొన్ని కుక్కలకి కరెంటు షాకు ఇచ్చారు. తలతో ఒక పలకని నొక్కితే అది ఆగేది. ఇంకొన్నిటికి అంతే షాకు, కానీ అవి ఏం చేసినా ఆగేది కాదు. తర్వాత అన్నిటినీ, పొట్టి అడ్డుగోడ దూకితే తప్పించుకోగలిగే పెట్టెలో పెట్టారు. షాకుని ఆపడం తెలిసినవి దూకేశాయి. రెండో గుంపులో చాలావరకు మూలుగుతూ అక్కడే పడుకున్నాయి. బాధ రెండు గుంపులకీ సమానమే. తన చేతిలో ఏదైనా ఉందా లేదా అన్నదే తేడా. వణుకు మానేసిన కుక్క కుదుటపడి ఉండొచ్చు, ఆశ వదులుకునీ ఉండొచ్చు. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. మా ఆస్పత్రి బల్ల మీద కదలకుండా పడుకున్న కుక్కని చూసి ఎంత బుద్ధిమంతురాలో అని మురిసిపోయేవాళ్ళు. తెల్లగుడ్డు కనబడేలా పక్కచూపులు చూస్తూ, మాటిమాటికీ మూతి నాక్కుంటోందంటే అది భయంతో బిగుసుకుపోయిందని అర్థం.

అమ్మాయి: మరి ఏం చెయ్యమంటావు?

బాబాయ్: శరణు అడగలేనిదానికి ముందు ఇవ్వవలసింది పారిపోయే దారి. రాత్రి సందడి తగ్గాక సెల్లార్ గేటు కాస్త తెరిపించు. రోజూ ఒకే వేళకి, ఒకే చోట తిండి పెట్టు. ఎదురుగా నిలబడి కళ్ళలోకి చూడకు, తల మీద చెయ్యి వెయ్యబోకు. పక్కకి తిరిగి కూర్చో. ఉండాలో పోవాలో దాన్నే తేల్చుకోనీ.

అమ్మాయి: పోయి ఏ లారీ కిందో పడితే?

బాబాయ్: పడొచ్చు. లేదా తన వీధికి తాను చేరుకోవచ్చు. మనకి రోడ్డు అంటే అపాయం. అక్కడే పుట్టినదానికి అది ఊరూ, చుట్టాలూ అన్నీ. కుక్కపిల్ల మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా ఎవరి మధ్య తిరిగితే వాళ్ళని తనవాళ్ళనుకుంటుందని స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు తేల్చి, తమ పరిశోధనంతా 1965లో పుస్తకంగా వేశారు. ఆ వారాల్లో మనిషి చెయ్యి ఎరగని కుక్కకి, పెద్దయ్యాక ఫ్లాటులో లిఫ్టూ, మిక్సీ, కుక్కర్ కూతా అన్నీ శత్రువులే. కొన్ని మారతాయి, నెలలు పడుతుంది. కొన్ని ఎన్నటికీ మారవు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు కూడా పట్టుకున్న వీధికుక్కకి ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టుకున్న చోటే వదలమంటున్నాయి. మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్ళు అంటున్నట్టు బండి ఎక్కించి ఊరవతల పారెయ్యడం కుదరదు. ఒక కుక్క ఖాళీ చేసిన చోటికి, ఆపరేషన్ కానిది ఇంకోటి వస్తుంది.

అమ్మాయి: పట్టుకున్న చోటంటే మా సెల్లారే కదా. అది దాని చోటు కాదు. ఆ నిబంధన చోటు ఉన్న కుక్కలకి సరిపోతుంది. దీనికి ఉన్న చోటు పోయింది. పైగా మా వీధి కుక్కలు దీన్ని రానివ్వవు.

బాబాయ్: అందుకే తొందరపడొద్దంటున్నాను. ముందు దాని మెడ చుట్టూ బెల్టు మచ్చ ఉందేమో చూడు, చెవి కొస కత్తిరించి ఉందేమో చూడు. బెల్టు మచ్చ ఉంటే ఎవరో వెతుక్కుంటూ ఉంటారు. చెవి కత్తిరించి ఉంటే ఆపరేషన్ అయిపోయినట్టు. ఎవరిదో తెలియకుండా నీదెలా చేసుకుంటావు? ఇంకో సంగతి. ఆ సెల్లార్‌లో ఉండేదెవరు?

అమ్మాయి: వాచ్‌మన్ వాళ్ళు.

బాబాయ్: వాళ్ళ పాపకి ఆరేళ్ళు. 2023 ఫిబ్రవరిలో ఇదే ఊళ్ళో, అంబర్‌పేటలో, నాలుగేళ్ళ పిల్లవాణ్ణి వీధికుక్కలు కరిచి చంపేశాయి. ఆ వీడియో చూసిన ఏ తల్లికైనా గుండెల్లో భయం ఉంటుంది. కుక్క భయాన్ని లెక్కలోకి తీసుకున్నప్పుడు తల్లి భయాన్ని ఎలా తీసెయ్యను? నువ్వు జాలిపడేది ఐదో అంతస్తులో. కరిస్తే కరిచేది కింద ఉన్నవాళ్ళని. భయపడిన కుక్క దారి లేక కరుస్తుంది, పగతో కాదు. ఆ తేడా పంటికి తెలియదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక నమ్మదగిన వైద్యం ఈనాటికీ లేదు. 1885లో పాశ్చర్ చూపించిన దారే దిక్కు, జబ్బు పైకి రాకముందే టీకా. ఖర్చు ఇంకొకరి నెత్తిన పడే దయని నేను దయ అనను.

అమ్మాయి: పాప పేరు చెప్పి నన్ను ఆపుతున్నావు గానీ, నువ్వు చెప్పిన దారిలోనే పాపకి ప్రమాదం ఎక్కువ. గేటు తెరిచి, తిండి పెట్టి, అది తేల్చుకునేదాకా కూర్చోమన్నావు. అన్నాళ్ళూ అది పాప ఆడుకునే చోటే ఉంటుంది. పైకి తెస్తే ఆ ఖర్చు నా ఇంట్లో ఉంటుంది.

బాబాయ్: సరిగ్గా పట్టుకున్నావు. అయితే వరస మార్చుదాం. ముందు టీకా. కార్పొరేషన్ పశువైద్య విభాగానికి చెబితే వల పట్టడం తెలిసినవాళ్ళు వస్తారు. నువ్వు చేతులతో పట్టబోకు. అసోసియేషన్‌తో మాట్లాడి, తిండి పెట్టే చోటు పిల్లలు తిరిగే చోటుకీ, మెట్లకీ దూరంగా పెట్టు. 2023 నిబంధనలు కూడా అదే చెబుతున్నాయి. పాప తల్లికి నువ్వే వెళ్ళి చెప్పు. పన్ను గీరుకున్నా సరే, కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ పూటే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. చర్మంలోకి వేసే టీకా మొదటి రోజు, తర్వాత మూడు, ఏడు, ఇరవై ఎనిమిదో రోజుల్లో వేస్తారు. రక్తం వచ్చే గాయమైతే దాంతోపాటు ఇమ్యునోగ్లోబులిన్ కూడా వెయ్యాలి. కుక్కతో మెలగాలనుకుంటున్నావు కాబట్టి నువ్వు ముందే టీకా వేయించుకో.

అమ్మాయి: ఇదంతా చేస్తాను. ఇంట్లోకి తెచ్చుకోకపోయినా చేస్తాను. ఇప్పుడు నీ భారతం నీకే చెప్పనా? కుక్క చివర్లోనే కాదు, మొదట్లోనూ ఉంది. ఆదిపర్వంలో జనమేజయుడు యాగం చేస్తుంటే సరమ అనే కుక్క కొడుకు అటు వచ్చాడు. హవిస్సు ముట్టలేదు, దానివంక చూడనైనా లేదు. రాజుగారి తమ్ముళ్ళు కొట్టారు. సరమ వచ్చి, ఏ తప్పూ చెయ్యనివాణ్ణి ఎందుకు కొట్టారని అడిగింది. వాళ్ళ దగ్గర జవాబు లేదు. మీకు కారణం లేని భయం కలుగుతుందని శపించి వెళ్ళిపోయింది. రాజుకి ఆ భయం పట్టుకుంది. సరమ ఇల్లు అడగలేదు బాబాయ్, అన్నం అడగలేదు. కొట్టొద్దంది, అంతే.

బాబాయ్: దీన్నిబట్టి ఏం తేలుతుందంటావు?

అమ్మాయి: కుక్కల విషయంలో మనకి రెండు బాధ్యతలున్నాయి. సరమ అడిగినది ఒకటి. అది ప్రతి కుక్కకీ బాకీ. హింసించకూడదు, దాహంతో, జబ్బుతో చావనివ్వకూడదు. మనం ఇష్టపడ్డా పడకపోయినా ఉన్న బాకీ అది. ధర్మరాజు నిలబెట్టుకున్నది రెండోది. మాట ఇచ్చినదానికే అది వర్తిస్తుంది. రెండోది చెయ్యలేనివాళ్ళు మొదటిది కూడా ఎగ్గొట్టేస్తున్నారు. ‘నీకంత జాలి ఉంటే ఇంటికి తీసుకెళ్ళు’ అంటారే, ఆ మాటలో ఉన్న మోసం అదే.

బాబాయ్: నేను ఇంత స్పష్టంగా చెప్పలేకపోయాను. ఇప్పుడు ఆ రెండో దాని పొడవు చూడు. వేళకి తిండి, టీకాలు అందితే ఇంటి కుక్క పన్నెండేళ్ళు, ఆ పైనా బతుకుతుంది. ఆలోగా ఇల్లు మారతావు, పెళ్ళవుతుంది, వేరే దేశంలో ఉద్యోగం రావొచ్చు. ఇంద్రుడు ధర్మరాజుని ఒక చిక్కు ప్రశ్న అడిగాడు, తమ్ముళ్ళనీ భార్యనీ దారిలో వదిలేశావే, కుక్కని వదలడానికేం అని. వాళ్ళు చనిపోయాక వదిలాను, బతికుండగా కాదు అన్నది ధర్మరాజు జవాబు. ఆ జవాబు చెప్పగలిగినవాళ్ళే కుక్కని తెచ్చుకోవాలి. ఆకలిదప్పులకి మాడేలా జంతువుని వదిలెయ్యడం 1960 జంతుహింస నిరోధక చట్టం కింద నేరం. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు వీధికుక్కలని దత్తత తీసుకోవచ్చంటూనే, అవి మళ్ళీ వీధిన పడకుండా చూసే బాధ్యత తీసుకున్నవాళ్ళదేనంది. నా సర్వీసులో నేను చూసిన అన్నిటికంటే దీనమైన కుక్కలు వీధిలో పుట్టినవి కావు. కొన్నాళ్ళు సోఫా మీద పడుకుని, యజమానులు ఊరు మారితే వీధిన పడ్డవి. వాటికి వీధీ రాదు, ఇల్లూ లేదు.

అమ్మాయి: పన్నెండేళ్ళ భవిష్యత్తు ఖాయం చేసుకుని ఎవరు ఏ పని మొదలుపెడతారు? అలాగైతే ఎవరూ పిల్లల్ని కనరు.

బాబాయ్: ఖాయం అక్కర్లేదు. పిల్లల్ని కన్నవాళ్ళకి వెనక అమ్మమ్మలూ, బాబాయిలూ ఉంటారు. నువ్వు చూడలేని రోజు వస్తే ఎవరు చూస్తారో ఒక్క పేరు చెప్పు, ఆ మనిషిని అడిగి చెప్పు. ఇంటి ఓనరుకి చెప్పు. ఆ రెండూ అయితే నాకు అభ్యంతరం లేదు.

అమ్మాయి: ఆ పేరు నీదైతే?

బాబాయ్: అడిగావు కాబట్టి చెబుతున్నాను, సరే. కాకినాడలో పెరడు ఉంది. కానీ ముందు టీకా, ఆపరేషన్. తర్వాత తలుపు తెరిచి పెట్టు. తనంతట తాను గడప దాటితే నీది. దాటకపోతే అది మీ వీధిది, నువ్వు దానికి వేళకి అన్నం పెట్టే మనిషివి. ఏదైనా దానికి నష్టం లేదు.

ఇద్దరూ ఒక మాటకి వచ్చారు కాబట్టి ఆ మాటని తీర్పుగా చెప్పవచ్చు. మీ మెట్ల కింద వణుకుతున్న కుక్కకి టీకా వేయించడం, నీళ్ళు పెట్టడం, రాయి తగలకుండా చూడటం మీ బాధ్యత. ఆ బాధ్యతకి ఇల్లు అవసరం లేదు, అద్దె ఒప్పందం అడ్డం రాదు. ఇంట్లో చోటివ్వడం మాత్రం మీ ఇష్టం. ఇచ్చాక అది ఇష్టం కాదు, దాని ఆయుష్షంతా నిలబెట్టుకోవలసిన మాట. మీరు లేనినాడు దాన్ని చూసుకునే మనిషి పేరు మీ నోటికి వెంటనే రాకపోతే, ఆ మాట ఇప్పుడే ఇవ్వకండి. టీకా మాత్రం రేపే వేయించండి.