ఊరకే కూర్చున్నవారు

ముసలివారికి పని యుండవలెనా, విశ్రాంతి యుండవలెనా యని యడిగినచో మనలో పెక్కుమంది విశ్రాంతియే యని తడుముకొనకుండ చెప్పుదురు. "కృష్ణా రామా యనుకొనుచు ఒక మూల కూర్చుండక నీకెందుకీ శ్రమ" అను మాట మన యిండ్లలో ప్రేమకు గుర్తుగా చెల్లుచున్నది. ఆ మాట పడినవారి ముఖమును పరికించినవారు మాత్రము తక్కువ. అందు ప్రేమ యున్నమాట నిజమే. దానితోపాటు ఒక తీర్పు కూడ నున్నది. తెలుగున "పని లేదు" అను పలుకునకు రెండర్థములు కలవు: చేయుటకు పని లేదనుట యొకటి, నీతో మాకు అవసరము లేదనుట యొకటి. ఈ రెండును ఒకే పలుకులో ఇమిడియుండుట కేవలము యాదృచ్ఛికమని మాకు తోచదు.

పెద్దలు ఈ విషయమున ఏకకంఠముగా మాటలాడలేదు. చర్మము ముడుతలు పడి, తల నెరసి, మనుమని ముఖము చూచిన గృహస్థు అడవికి పోవలెనని మనుస్మృతి విధించినది. ఈశోపనిషత్తు రెండవ మంత్రము కర్మలు చేయుచునే నూరేండ్లు బ్రదుకగోరవలెనని చెప్పుచున్నది. పండితులు ఈ రెంటికిని సమన్వయము చూపగలరు. మా పని యది కాదు. మేము గమనించినది వేరు. అడవికి పొమ్మన్న విధి, విడిచిపోవుటకొక యిల్లును, ఆ యింటిని మోయుటకు కొడుకులును కలవారికి చెప్పినది. రోము నగరమున సిసెరో క్రీ.పూ. 44లో వార్ధకమును గూర్చి గ్రంథము వ్రాసి, 84 ఏండ్ల కేటో నోట దానిని పొగడించెను; ఆ కాలపు రోమను ప్రభువుల పొలములలో చెమటోడ్చినవారు బానిసలు. పని చేయుట గొప్పయా, మానుట గొప్పయా యను చర్చ యంతయు, పనిని ఇచ్చవచ్చినప్పుడు పట్టి ఇచ్చవచ్చినప్పుడు విడువగలవారి నడుమనే జరిగినది. నేతపనివాడు ఆ సభలో లేడు.

అతడు మా పోచంపల్లిలో నున్నాడు. మగ్గమున్న యింటిలో వయసునుబట్టి పని పంచబడియుండును. చిన్నతనమున పెద్దల ప్రక్కన కూర్చుండి కండెలు చుట్టినవాడు యౌవనమున మగ్గపు గుంటలో కాళ్ళు దింపును. మోకాళ్ళు సడలిన నాడు గుంట విడిచి, నూలునకు రబ్బరు పట్టీలతో చిటికి కట్టుటకు కూర్చుండును. చూపు మందగించినప్పుడు మరల రాట్నము నొద్దకే వచ్చును. పని అతనిని ఒక్క దినమున విడువదు; దిగుడుబావి మెట్లవలె ఒకొక్క మెట్టే దించును. కండె చుట్టనిదే నాడె ఆడదు గనుక, చివరి మెట్టున నున్న ముసలివాడు కూడ ఆ చీరలో నుండును.

మా ఉపాధ్యాయవృత్తి అట్టిది కాదు. ఒక సాయంకాలము దండ వేసి, శాలువ కప్పి, నాలుగు మాటలు చెప్పి పంపుదుము. మరునాడు బడి గంట మ్రోగునప్పటికి అతడు ఇంట నుండును. నిన్న భిన్నములు బోధించినవానికి నేడవి రాకుండ పోయినవా? ఆ దినమును నిర్ణయించిన సంఖ్య యైనను స్థిరమైనది కాదు. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వము ఉద్యోగవిరమణ వయస్సును 58 నుండి 55కు దించినది. తరువాత మరల 58 చేసిరి. తెలంగాణమున 2021లో అది 61 అయినది. జర్మనీ దేశమున బిస్మార్కు కాలమున 1889లో చేసిన వృద్ధాప్య భృతి చట్టము 70 ఏండ్లని పెట్టినది. ఈ అంకెలు మారినప్పుడెల్ల మనుష్యుల మోకాళ్ళు మారలేదు. ప్రభుత్వముల లెక్కలు మారినవి.

ఇంతమాత్రము చెప్పి, మగ్గపుటింటిని పొగడి ఊరకుందుమేని అది వట్టి కవిత్వమగును. దూరము నుండి చీర కొన వచ్చినవారు రాట్నము ముందు కూర్చున్న వృద్ధురాలిని చూచి, డెబ్బదేండ్ల వయసున ఎంత చురుకుదనమని మెచ్చి, ఫోటో తీసికొని పోవుదురు. ఆమె ఆ నాడు ఎన్ని గంటలు చుట్టినదో, అందులకేమి వచ్చినదో యడుగరు. అడిగినను సమాధానము దొరకదు. కూలి పడుగును బట్టియో చీరను బట్టియో లెక్కకట్టి నేసినవాని చేతికి ఇత్తురు. కండెలు చుట్టిన చేతికి వేరుగా లెక్క యుండుట అరుదు. జనాభా వివరములు వ్రాయవచ్చినవారికి ఇంటివారు చెప్పు మాట యిది: "మా అవ్వ ఏం పని జేయదు, ఊకె కూసోని కండెలు సుడ్తది." ఈ "ఊకె" అను రెండక్షరములలో ఒక జీవితకాలపు పని అడగిపోవుచున్నది. ఆఫీసువాడు పని లేక ముసలివాడగుచుండగా, ఈమె పని యుండియు లేనిదగుచున్నది. రెండవ యన్యాయమే పెద్దదని మా యభిప్రాయము. మొదటిది అందరికి కనబడును. రెండవదానిని చేయుచున్నవారికే అది తెలియదు.

ఇక వద్దనగల శక్తి మాట. 2014లో తెలంగాణ ప్రభుత్వము ఆసరా పింఛనును ఏర్పరచినప్పుడు చేనేతవారికి 50 ఏండ్లు నిండినంతనే అర్హత కల్పించినది. మగ్గము శరీరమును ముందుగానే ముదిమికి అప్పగించునని ప్రభుత్వమే అంగీకరించినట్లయినది. 2019లో ఆ పింఛను నెలకు 2016 రూపాయలు చేసిరి. ఆ డబ్బు చిన్నదని తేలికగా మాట్లాడువారున్నారు. మందులకు కొడుకు నడుగనక్కరలేని ముసలివానికి అది చిన్నది కాదు. కాని దానితో గుంట విడిచి లేవగలవారు కొందరే. నేడు నడుము నొచ్చుచున్నది, చేయనని చెప్పి, రేపటి అన్నమునకు వెరవనక్కరలేనివాడు చేయు పనిని మాత్రమే మేము చురుకుదనమని పిలువగలము. చెప్పలేనివాని పనిని చురుకుదనమని పొగడుట, బండి ఎద్దును నడకకై మెచ్చుకొనుట వంటిది.

దీనికి బదులుగా, శ్రమను తగ్గించు యంత్రములు ముసలివారి పనిని హరించుచున్నవను వాదము వినవచ్చును. ఆలేరు దగ్గరి శారాజీపేట కాపురస్థుడైన చింతకింది మల్లేశము కథ అందరెరిగినదే. ఇక్కత్తు చీరకు ముందు ఆసు పోయవలెను. అర్ధచంద్రాకారముగా పాతిన మేకుల చుట్టు, ఒక్క చీరకు దాదాపు 9000 సార్లు చేయి ముందుకు వెనుకకు ఆడవలెను. ఎడతెగక తిరుగువానిని మనము "ఆసులో కండె" యందుము. ఆ కండెను త్రిప్పుచున్న భుజమును గూర్చి మాత్రము సామెత లేదు. తల్లి లక్ష్మమ్మ భుజపు నొప్పి చూడలేక, ఆరవ తరగతితో చదువు మానిన ఆ యువకుడు ఏండ్ల తరబడి కష్టపడి 1999లో లక్ష్మీ ఆసు యంత్రమును తయారు చేసెను. 2017లో పద్మశ్రీ వచ్చినది. ఆ తల్లి పని పోయినదని విచారింపవలెనా? పోయినది నొప్పి. ఏ రంగు ప్రక్కన ఏ రంగు నిలుచునో, ముడి ఎక్కడ జారినచో పువ్వు చెదరునో తెలిసిన తెలివి ఎక్కడికిని పోలేదు. ఆ తెలివిని అడుగువారుండిన చాలును.

అడుగుట యనగానే మా యూరికి పేరు తెచ్చిన దినము జ్ఞాపకమునకు వచ్చుచున్నది. 1951 ఏప్రిల్ 18న వినోబా ఇచటికి వచ్చినప్పుడు 55 ఏండ్లవాడు. ఆ పిమ్మట పదేండ్లకు పైగా కాలినడకన దేశము తిరిగెను. భూదానమన్నంతనే వెదిరె రామచంద్రారెడ్డి ఇచ్చిన 100 ఎకరములను తలచుకొందుము, అది తగినదే. కాని దానికి ముందు దళితవాడలోని 40 కుటుంబములవారు అడిగిన దేమి? బియ్యము కాదు, బట్ట కాదు. దున్నుకొనుటకు 80 ఎకరములు. వారు కోరినది తమ పని తాము చేసికొనుటకు చోటు.

ముసలి నేతగాడు అడుగునది కూడ అట్టిదే. మా బడులలో రేఖాగణితము నల్లబల్లపై బోధించుచున్నాము. నూలుపోగులు లెక్కించి, ముడులతో చతురస్రములు పేర్చి, అద్దకము తరువాత అవి నేతలో కలియునట్లు చేయువాడు బడికి నాలుగిండ్ల అవతల నున్నాడు. వారమున రెండు గంటలు అతనిని పిలిచి, శాలువ కాక జీతమిచ్చి, పిల్లలముందు కూర్చుండబెట్టుటకు అడ్డమేమి? అట్లే సహకార సంఘములును, మాస్టరు వీవర్లును కూలి లెక్కలు వ్రాయు పుస్తకములో కండెల కూలికి వేరుగా ఒక గడి గీచి, చుట్టినవారి పేరనే ఆ డబ్బు ఈయవచ్చును. మేమీ మాట చెప్పినప్పుడెల్ల, చీర ధర పెరుగునని, మరమగ్గపు అచ్చు బట్టతో పోటీ పడలేమని బదులు వచ్చుచున్నది. పెరుగునేమో. ఎంత పెరుగునో లెక్క వేసి చూపినవారు మాత్రము మాకింతవరకు కనబడలేదు.