గాజు పారదు

ఐరోపాలోని పాత చర్చిల కిటికీ అద్దాలు అడుగున మందంగా ఉంటాయని, గాజు నిజానికి ద్రవమే గనుక వందల ఏళ్లుగా మెల్లగా కిందికి జారుతోందని చెబుతుంటారు. ఎంత ఊరటనిచ్చే మాట! అంత గట్టిదే కాలానికి లొంగితే, మన మనసుల్లో గడ్డకట్టినవి కరగకపోతాయా అనిపిస్తుంది.

అది నిజం కాదు. ఆ రోజుల్లో కరిగిన గాజును ఊది, కడ్డీ చివర గిరగిరా తిప్పి పళ్లెంలా పరిచి, చల్లారాక ముక్కలు కోసేవారు. ఒకే ముక్కలో ఒక అంచు మందం, ఒక అంచు పలచన. బిగించేవాళ్లు తరచుగా బరువైన అంచును కిందికి పెట్టేవారు; మందం పైకి ఉన్న అద్దాలూ దొరుకుతాయి. లండన్ వెస్ట్‌మినిస్టర్ అబ్బే గాజు మిశ్రమాన్ని పరీక్షించినవారు, మామూలు గది వేడిలో అది వంద కోట్ల ఏళ్లకు ఒక నానోమీటరు జారితే గొప్ప అని తేల్చారు. గాజులో అణువులు ద్రవంలోలాగే వరస లేకుండా ఉంటాయి. కానీ ఉన్నచోటు వదలవు. అది ఘనమే.

నిజంగా పారేది పిచ్. సుత్తితో కొడితే పెళుసుగా పగిలే ఈ తారు ముద్దతో 1927లో బ్రిస్బేన్‌లోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో ప్రయోగం మొదలుపెట్టారు. 2014 నాటికి గరాటులోంచి తొమ్మిది చుక్కలు రాలాయి.

పోయినవాళ్ల మీది దుఃఖం అలా కదులుతుంది, ఎంత ఆలస్యంగానైనా. మాటలు మానేసిన అన్నదమ్ముల మౌనం మాత్రం గాజే. “కాలమే సర్దుతుందిలే” అంటూ ఇంటిల్లిపాదీ ఇరవై ఏళ్లు గడిపేస్తారు. అక్కడ ఎదురుచూపును ఓర్పు అనడానికి నాకు నోరు రాదు.

వేడి గాజు త్వరగా చల్లారితే పైపొర ముందు బిగుస్తుంది, లోపలిది ఆ తర్వాత. ఆ బిగువు కంటికి కనపడదు, ఏళ్లు గడిచినా పోదు. పోవాలంటే మళ్లీ కొలిమిలో పెట్టాలి. మామూలు గాజుకు సుమారు 550 డిగ్రీలు చాలు; ఆ వేడికి అది కరగదు, ఆకారం చెడదు, లోపలి బిగువు సడలుతుందంతే. పాత తగవంతా తిరగతోడనక్కర్లేదన్న ధైర్యం నాకు ఇక్కడే దొరికింది. ఆ తర్వాత చల్లార్చడమే అసలు పని. పాలోమర్ టెలిస్కోపు కోసం 1934 చివర్లో పోతపోసిన అద్దాన్ని దాదాపు పది నెలలు చల్లార్చారు. అన్నదమ్ముల విషయంలోనూ నా దిగులు మొదటి పలకరింపు గురించి కాదు. రెండో ఫోను ఎవరు చేస్తారు, వచ్చే పండక్కి ఎవరింటికి ఎవరు వెళ్తారు?