ఆఖరి బస్సుకి ముందు

పెనుగొండ నుంచి యూనివర్సిటీ చదువుకి దారులు రెండు. సిద్ధాంతం దగ్గర హైవే ఎక్కి, వశిష్ఠ గోదావరి దాటి, రాజమండ్రి మీదుగా రాజానగరం పోతే ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం. తణుకు మీదుగా పోతే తాడేపల్లిగూడెంలో దాని క్యాంపస్. 2006లో ఈ యూనివర్సిటీ రాకముందు ఎమ్మే, ఎమ్మెస్సీ అనగానే చాలామందికి విశాఖపట్నమే గుర్తొచ్చేది. అంటే పెట్టె సర్దుకోవాలి, హాస్టల్ ఫీజు కట్టాలి. అంత స్తోమత లేని ఇళ్ళలో, ముఖ్యంగా ఆడపిల్లలకి, చదువు డిగ్రీతోనే ఆగిపోయేది.

రోజూ ఇంటి నుంచి వెళ్ళొచ్చే చదువంటే మనకి కాస్త చులకన. నాకు మాత్రం అందులో ఒక నిండుతనం కనిపిస్తుంది. పొద్దున్న అరుగు మీద కోత కూలి బేరం విన్న పిల్ల, పదింటికి క్లాసులో వేతనాల సిద్ధాంతం వింటుంది. పుస్తకం తప్పో, అరుగు మీది మాట తప్పో సాయంత్రానికి తనే తేల్చుకోవాలి. హాస్టల్లో ఉన్నవాళ్ళకి ఈ తగువు అంత దగ్గరగా తగలదు.

పోయేదీ ఉంది. లైబ్రరీలో ఒక పుస్తకం వెతుకుతుంటే ఇంకోటి చేతికి తగలడం, క్లాసయ్యాక మెట్ల దగ్గర మాస్టారితో వాదన, ఊరికే చెట్టు కింద కూర్చోవడం, ఇవన్నీ సాయంత్రం జరిగేవి. అప్పటికి రోజూ వెళ్ళొచ్చే పిల్లల చూపు గడియారం మీద ఉంటుంది. రాజరాజ నరేంద్రుడి కోసం భారతం మొదలుపెట్టిన నన్నయ దాన్ని పూర్తి చేయలేదు. మిగిలింది తిక్కన, ఎర్రన చూసుకున్నారు. మాట మధ్యలో బస్సుకి లేచిపోయే పిల్లల యూనివర్సిటీకి ఆయన పేరే సరిగ్గా కుదిరింది!

2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం వచ్చాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లలకి టికెట్ ఛార్జీ లేదు. డబ్బు మిగిలింది గానీ పొద్దు మిగల్లేదు.

అందుకే ఇంట్లో పెద్దవాళ్ళకి ఒక మనవి. బస్సు దిగొచ్చిన పిల్లని అటునుంచటే వంటింట్లోకి తోలకండి, పిల్లాణ్ణి కొట్లోకి పంపకండి. కాసిని మంచినీళ్ళిచ్చి, ఇవాళ క్లాసులో ఏం చెప్పారో అడగండి. మీకు అర్థం కాకపోయినా ఫర్వాలేదు, చివరిదాకా వినండి.