కుండకు చిల్లి ఉందా?



పాణ్యంలో మా గురునివాసం ముందంతా నాపరాళ్లే. అందుకే కిందటేడు అక్టోబరులో రెండు పాత బకెట్లలో నల్లరేగడి మట్టి నింపి టమాటా నారు నాటాను. తోటపని నాకు కొత్త, ఉత్సాహం మాత్రం ఎక్కువ. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం నీళ్లు పోశాను. పక్షం తిరక్కముందే ఆకులు పసుపుబారి వాలిపోయాయి. ఎండకు వాడుతున్నాయనుకొని ఇంకా పోశాను.

విసుగొచ్చి పీకెయ్యబోతుంటే పూజకొచ్చిన ఒక కూలి అవ్వ ఆపింది. "పీకొద్దు సామీ! బకెట్టుకు చిల్లి పెట్టినారా? నల్లమట్టి నీళ్లు పట్టుకుంటాది. యేర్లకు గాలాడక సచ్చిపోతాండాయి."

ఆమె చెప్పినట్టే చేశాను. అడుగున నాలుగైదు చిల్లులు, వాటిమీద పెంకులు. మట్టి ఒక పాలు, ఇసుక ఒక పాలు, చివికిన పశువుల ఎరువు ఒక పాలు. వేలు పెట్టి చూసి, పైమట్టి ఆరాకే నీళ్లు. ఆసరాకు ఒక పుల్ల. ఒక మొక్క చనిపోయింది. రెండవది తేరుకొని, సంక్రాంతి నాటికి కాయ ఎర్రబడింది.

లూకా సువార్త 13వ అధ్యాయంలో మూడేండ్లుగా కాయని అంజూరపు చెట్టును యజమాని కొట్టివేయమన్నాడు. తోటమాలి ఇంకొక్క ఏడు గడువడిగాడు. గమనించారా? అతడు చెట్టును తిట్టలేదు. దాని చుట్టూ తవ్వి ఎరువు వేస్తానన్నాడు. తప్పు కొమ్మలో వెదకలేదు, వేరు దగ్గరకు వెళ్లాడు.

సెమినరీలో తత్వశాస్త్రం చదివిన రోజుల్లో అరిస్టాటిల్ చూపిన ఒక భేదం నేర్చుకున్నాను. మంచానికి రూపం వడ్రంగి చేతినుండి వస్తుంది. మొక్క ఎదుగుదల దాని లోపలినుండే వస్తుంది. ఆ శక్తిని అక్కడ ఉంచినవాడు దేవుడు. మన బిడ్డలు మంచాలు కారు, మొక్కలు.

ఇంటర్ తప్పిన కుమారునికి పొద్దున తండ్రి, మధ్యాహ్నం తల్లి, సాయంత్రం మేనమామ బుద్ధి చెబుతారు. వాని మనసులోని మాట బయటికి పోవడానికి చిల్లి ఏదీ? సలహా చెడ్డది కాదు, నీరూ చెడ్డది కాదు. పోయే దారిలేక నిలిచిపోతే రెండూ వేరును కుళ్లబెడతాయి. పరీక్షా ఫలితాల వేళ ప్రాణాలు తీసుకున్న బిడ్డల వార్తలు మనం చదువుతూనే ఉన్నాం.

ఇతరులకు చెప్పడం కాదు, ఈ తప్పు నాదీను. మా విచారణలో ఒక యువకుడు తన బాధ చెప్పబోతే, సగంలోనే ఆపి ఉపదేశం పోశాను. అతడు గుడికి రావడం మానేశాడు. ఆ మొక్క పోయిన తరువాత వారి ఇంటికి వెళ్లాను. గంటసేపు అతడే మాట్లాడాడు, నేను విన్నాను. ఇంకా గుడికి రాలేదు. తోటమాలి అడిగిన గడువును నేనూ అడుగుతున్నాను.

ప్రియ తల్లిదండ్రులారా, ఈ వారం ఒక సాయంత్రం జపమాల ముగిశాక మీ బిడ్డను పక్కన కూర్చోబెట్టుకోండి. "ఏం నాయనా, ఎట్లా ఉంది నీ మనసు?" అని అడగండి. జవాబు చెప్పకండి, వినండి. ఎదిగించేవాడు ప్రభువు. కుండకు చిల్లి పెట్టడమే మన పని.

ప్రభువు మీ కుటుంబాలను దీవించునుగాక! ఆమెన్.