చేయూతా? చేబదులా?



రంపచోడవరంలో హాస్టల్లో ఉండి పదవ తరగతి చదువుకుంటున్న ఒక కొండరెడ్డి కుర్రవాడు, ఆ మధ్య ఆదివారం పూజ అయిన తరువాత ఇంగ్లీషు గైడు పట్టుకొని నా దగ్గరకు వచ్చాడు. "హెల్ప్, ఎయిడ్, అసిస్ట్, మూడింటికీ సాయమనే రాశారండి ఫాదర్‌గారూ. పరీక్షలో ఏది ఎక్కడ రాయాలి?" అన్నాడు.

నాకు తెలిసినంతలో చెప్పాను. ఇంట్లో, పొలంలో మనుషులు అనుకునే మాట హెల్ప్. వరదలు వచ్చినప్పుడు ప్రభుత్వం పంపే బియ్యం, డబ్బు ఎయిడ్. డాక్టరుగారు ఆపరేషన్ చేస్తుంటే పక్కన నిలబడి కత్తెర అందించడం అసిస్ట్. లాటిన్‌లో ఆ మాటకు పక్కన నిలబడడమనే అర్థం.

ఆ కిందనే 'లెండ్ ఎ హ్యాండ్' అని ఉంది. లెండ్ అంటే అప్పివ్వడం, హ్యాండ్ అంటే చెయ్యి. కుర్రవాడు పెన్సిలుతో 'చేబదులు' అని రాసుకున్నాడు! నాకు నవ్వు వచ్చింది. "చేబదులు కాదురా బాబూ, చేయూత. పనిలో ఒక చెయ్యి వేయడం" అన్నాను. వాడు నవ్వలేదు. "మా తాతకు షావుకారు సాయం చేస్తున్నానని చెప్పే డబ్బిచ్చాడండి. చింతచెట్లున్న భూమి పోయింది" అన్నాడు.

ఏజెన్సీలో ఈ రెండు మాటలు కలిసిపోయి చాలాకాలమైంది. పెళ్లికో జబ్బుకో తీసుకున్న కొద్ది డబ్బు పంట మీదికి, చెట్ల మీదికి, చివరకు భూమి మీదికి వచ్చేది. 1917లోనే ఇక్కడి వడ్డీలకు, భూముల బదిలీకి కళ్లెం వేస్తూ చట్టం చేయవలసి వచ్చింది. చింతపండు, అడ్డాకులు దళారుల పాలు కాకుండా కొనడానికి 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో ఇంకా బిగించారు. గిరిజనుణ్ణి ముంచినవాళ్లందరూ కత్తి పట్టుకొని రాలేదు. చాలామంది సాయం చేస్తామనే వచ్చారు.

ఇప్పుడు లూకా సువిశేషం 10వ అధ్యాయంలోని మంచి సమరీయుణ్ణి చూడండి. గాయాలు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించాడు. అంటే తాను పక్కన నడిచే ఉంటాడు. 'సహాయ' అనే సంస్కృతపు మాటకు కూడా వెంట నడిచేవాడనే అర్థం. నిత్య సహాయమాత నవదిన ప్రార్థనలో ఎన్నిసార్లు పలికినా ఈ సంగతి మనకు తట్టదు. సత్రంలో రెండు దీనారములు ఇచ్చి ఊరుకోలేదు. పైన ఎంతయినా తిరిగి వచ్చేటప్పుడు తానే ఇస్తానన్నాడు. ఆ కథలో అప్పు ఉన్నమాట నిజమే. కాని అది ఎవరి పేరు మీద రాసి ఉంది? దెబ్బలు తిన్నవాడి పేరు మీద కాదు, సాయం చేసినవాడి పేరు మీద.

షావుకార్ల మాట అలా ఉంచి మన విచారణల సంగతి చూద్దాం. పల్లపు ప్రాంతం నుంచి మంచి భక్తిగల కుటుంబంవారు నాకు ఉత్తరం రాశారు. "మీ ఏజెన్సీలో పేదపిల్ల ఎవరైనా ఉంటే పంపండి. పన్నెండేళ్లున్నా ఫరవాలేదు. ఇంట్లో సాయంగా ఉంటుంది, మేమూ చదివించి సాయం చేసినట్టవుతుంది." ఒకే ఉత్తరంలో రెండు సాయాలు! మొదటిది ఆ పిల్ల చేసేది, అంట్లు తోమి, పసివాణ్ణి ఎత్తుకొని. పద్నాలుగేళ్లలోపు పిల్లలను ఇంటిపనికి పెట్టుకోవడాన్ని 2006లోనే నిషేధించారు. అయినా వారికి అది పనిగా తోచలేదు, పుణ్యంగా తోచింది. ఎదుటివారు రుణపడి ఉండాలన్న కోరిక మనలో ఎంత లోపల దాగి ఉంటుందో!

వారికి ఇలా జవాబు రాశాను: "చదివించాలని మనసుంటే పిల్ల ఇక్కడే, తల్లిదండ్రుల దగ్గరే చదువుకుంటుంది. దుస్తులు, పుస్తకాలు మీరు చూడండి. సెలవులకు ఒకసారి వచ్చి వారి ఇంట్లో భోంచేసి వెళ్లండి."

ఇంకా జవాబు రాలేదు. ఎదురు చూస్తున్నాను.