అంతియొకయలో పెట్టిన పేరు

సహోదరులారా, మనం మోస్తున్న ఈ పేరు యెరూషలేములో పుట్టింది కాదు. సిరియా దేశపు అంతియొకయ పట్టణంలో శిష్యులు మొట్టమొదట క్రైస్తవులనే పేరుతో పిలవబడ్డారని అపొస్తలుల కార్యముల గ్రంథం పదకొండవ అధ్యాయం చెబుతోంది. ఈ సంగతి మన సండేస్కూలు పిల్లలకు కూడా తెలుసు. దాని కింద ఉన్న వచనాలను మాత్రం పెద్దలమే చదివీ చదవనట్టు దాటిపోతాం. అగబు అనే ప్రవక్త వచ్చి, కరువు రాబోతున్నదని చెప్పాడు. ఆ సంఘం ప్రార్థన చేసి ఊరుకోలేదు. ఎవరి శక్తికొద్దీ వారు సొమ్ము వేసుకుని, దూరాన ఉన్న యూదయ సహోదరులకు బర్నబా, సౌలుల చేతికిచ్చి పంపారు. ఆ పేరు వచ్చిన తరువాత వారు చేసిన పనిగా లేఖనం ముందు చూపేది ఇదే.

అదే ఊరిలో మరొకటి జరిగింది. దాన్ని గలతీ పత్రికలో ఆ సౌలే, అంటే పౌలు, రాశాడు. మన వేదికల మీద అది అంతగా వినబడదు. అందులో తప్పు చేసినవాడు పేతురు కావడమే అందుకు కారణమని నా అనుమానం. పేతురు అంతవరకు అన్యజనులతో కలిసి భోంచేసేవాడు. యెరూషలేము సంఘపు పెద్ద యాకోబు దగ్గరనుంచి కొందరు యూదులు రాగానే, వాళ్ళేమనుకుంటారోనని జంకి, మెల్లగా వెనక్కు తగ్గాడు. అతన్ని చూసి తక్కిన యూదులూ తప్పుకున్నారు. చివరకు బర్నబా కూడా. కరువు సొమ్ము మోసుకెళ్ళిన ఆ బర్నబాయే! అప్పుడు పౌలు అందరి ఎదుటా పేతురును నిలదీశాడు. ఆలోచించండి. ఆ రోజు పేతురు తన ప్రభువును ఎరగనని బొంకలేదు. ప్రార్థన మానలేదు. బోధలో ఒక్క మాట మార్చలేదు. మార్చింది పంక్తి ఒక్కటే. ఆ పంక్తిభేదమే సువార్తను కాదనడమని పౌలు ఎంచాడు.

క్రైస్తవుడెవరో తెలుసుకోవాలంటే అందుకే నేను బాప్తిస్మపు సర్టిఫికెట్టు అడగను. గుమ్మం మీది వచనం, కారు అద్దం మీది సిలువ, డిసెంబరు రాగానే మేడ మీద వెలిగే నక్షత్రం, ఇవేవీ చెడ్డవి కావు. ఇవి ఆ ఇంట్లో ఎవరున్నారో చెబుతాయి. వాళ్ళెలాంటివారో వాళ్ళు ఎవరితో కూర్చుని అన్నం తింటారో చూస్తే గాని తెలియదు.

మన నేల మీద ఈ పరీక్ష ఒకసారి గట్టిగానే జరిగింది. 1866లో మిషనరీ జాన్ క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టినప్పుడు అగ్రవర్ణాల పిల్లలు మిషను బడికి వస్తూ ఉండేవారు. అంతలో తోళ్ళ వర్తకుడు యెర్రగుంట్ల పేరయ్య వెంట మాదిగపల్లెల జనం కదిలారు. వాళ్ళను చేర్చుకుంటే మా పిల్లల్ని పంపబోమన్నారు పెద్దలు. గౌరవమైన సంఘమొకటి చేతికి అందేటట్టున్న వేళ అది! క్లౌ దంపతులు వచ్చినవారినే చేర్చుకున్నారు.

తరువాత ధాత కరువు వచ్చింది, 1876 నుంచి 78 దాకా. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపాడు. పనికి వచ్చినవారిలో బాప్తిస్మం ఇమ్మని అడిగినవారు ఎందరో. కరువు పని సాగినంతకాలం ఒక్కరికీ ఇవ్వలేదు. గంజి కోసం వచ్చి మతంలో కలిశారనే మాట పడకూడదు గదా. కూలిపనులు ముగిసి, ఇక పెట్టడానికి తన చేతిలో ఏమీ లేదని తేలాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్ళలో నిలిచి ఇచ్చింది దొర కాదు, తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు వంతులు వేసుకుని. ఆ పల్లెల విశ్వాసులు చచ్చిన గొడ్డు మాంసం మానేశారు, జాతరకు డప్పు కొట్టబోమన్నారు. అందుకు ఊళ్ళో కూలి పోయింది, నీళ్ళకూ కటకటైంది. ఆ పేరుకు వాళ్ళు కట్టిన వెల అది.

మనం ఆ ఏట్లో దిగినవారి మునిమనుమలం. వేరే దారుల్లో వచ్చినవారమూ ఉన్నాం. మన పెళ్ళిసంబంధాల ప్రకటనలు ఒకసారి చూడండి. మొదటి వరసలో రక్షణ పొందిన వధువు కావాలి. రెండో వరసలో కులం. కొన్ని ఊళ్ళలో మాలపల్లెకు ఒక గుడి, మాదిగపల్లెకు ఒక గుడి. రెండింటిలోనూ అవే కీర్తనలు. వీరిద్దరితోనూ వియ్యమందడానికి ఒప్పని అగ్రకులపు విశ్వాసి మూడోచోట చేతులెత్తి ఆరాధిస్తుంటాడు. ముగ్గురూ క్రీస్తునందు ఏకమైనవారే! కులాన్ని పుట్టించింది మనం కాదని తప్పించుకోకండి. పేతురు కూడా యూదులకూ అన్యజనులకూ మధ్య గోడ కట్టినవాడు కాదు, దాని వెనక్కు వెళ్ళి కూర్చున్నాడంతే.

సంస్కారపు ఆదివారం నాడు రొట్టె ముక్కల పళ్ళెం, ద్రాక్షరసపు చిన్న కప్పుల ట్రే ముందు బెంచీ నుంచి వెనక చాప దాకా వస్తాయి. అందరికీ ఒకటే కొలత, ఒకటే కప్పు. ఆ నోటితోనే ఇంటికి వచ్చి, అంట్లు తోమే ఆమెకు టీ ఇస్తాం. సింకు కింద విడిగా బోర్లించిన స్టీలు గ్లాసులో. ఆమె కూడా పొద్దున అదే గుడిలో చాప మీద కూర్చున్నదేమో మనం తిరిగి చూడలేదు. కొరింథులో కలిగినవారు ముందే కడుపునిండా తిని, లేనివారు ఆకలితో మిగిలిపోతుంటే, మీరు తింటున్నది ప్రభువు భోజనమే కాదని పౌలు తేల్చి చెప్పాడు. ఈ మాట విని నొచ్చుకోకండి. నొచ్చుకోవడంతో సరిపెట్టుకోకండి.

కాపరులారా, మీకూ ఒక మాట. ప్లాటు కొంటే ఆశీర్వాదం, వీసా వస్తే ఆశీర్వాదం అని బోధించినంత సులువుగా ఒకే పంక్తిలో కూర్చోమని బోధించలేరు. కానుకల పెట్టె తేలికపడుతుంది. అయినా బోధించండి.

ఇక డబ్బు. దశమభాగంలో పైసా తప్పనివాడు వడ్డీలోనూ తప్పడు. నెలకు నూటికి అయిదు, ఆలస్యమైతే వడ్డీ మీద వడ్డీ. యెరికోలో జక్కయ్య ఇంటికి యేసు వెళ్ళాడు. లెక్కలు చూపమని అడిగినట్టు లూకా రాయలేదు. జక్కయ్యే లేచి, ఆస్తిలో సగం బీదలకిస్తానని, అన్యాయంగా ఎవరి దగ్గర తీసుకున్నా నాలుగింతలు తిరిగి ఇస్తానని అన్నాడు. ఆ ఇంటికి రక్షణ వచ్చిందని ప్రభువు చెప్పింది ఈ మాట తరువాతే.

నాలుగింతలు మన వల్ల కాకపోవచ్చు. అసలు ఎప్పుడో ముట్టి, వడ్డీ కూడా అసలును మించిపోయాక ఇంకా బీరువాలో దాచిపెట్టుకున్న ఆ ప్రామిసరీ నోటు మాత్రం ఈ వారంలో బయటికి తీయండి. మనిషిని ఇంటికి రప్పించుకోకండి, మీరే వాళ్ళ గుమ్మానికి వెళ్ళండి. చెల్లు రాసి చేతిలో పెట్టి రండి. ఈ సంగతి సాక్ష్యాల కూటంలో చెప్పనక్కరలేదు.