కూలి అని రాస్తే సరిపోద్దా?

మా అక్క కూతురు నర్సింగు చదువుతోంది. అరవై దాటిన ఒకరిని కలిసి, వాళ్ళ ఆరోగ్యం గురించి అడిగి రాసుకురమ్మన్నారంట. ఎవర్నో ఎందుకు, అవ్వే ఉంది గదా అని మార్కాపురం వచ్చింది.

"నా దగ్గుతో నీకు మార్కులొస్తాయంటే అడుగు తల్లీ" అంది మాయమ్మ.

అందరం నవ్వాం. ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు. అడగడమంటే ఒకరి బాధను మన కాగితం మీదికి తెచ్చుకోవడమే. బదులుగా మనం ఏమిస్తున్నాం?

బీడీ తాగుతావా? లేదు. దగ్గు ఎప్పట్నించి? "మీ మామ బడికి పోయేటప్పట్నించి." ఏం పని చేసేదానివి? నేనే అందుకొని "కూలి అని రాయమ్మా" అన్నాను.

అమ్మ నా వైపు చూసింది. "ఏం కూలిరా? ఇరవై ఏళ్ళు పలకల ఫ్యాక్టరీలో కోత మిషను కాడ కూచున్యా. ముక్కుకు కొంగే అడ్డం. పొద్దుగూకేతలికి జుట్టంతా దుమ్ముతో తెల్లగయ్యేది. అమ్మ ముసల్దయిందని నవ్వేవాడివి."

నేను అక్షరాలు దిద్దింది ఆ పలక మీదే. మా మాదిగపల్లెలో మా ఇంట మొదట డిగ్రీ చదివింది నేనే. పన్నెండేళ్ళుగా పిల్లల్ని రోజూ ప్రశ్నలడిగే పంతుల్ని. మాయమ్మను ఈ ఒక్క ప్రశ్న అడగలేదు. లోగడ క్షయ అని మందులిచ్చినోళ్ళూ అడగలేదు. వాళ్ళను తప్పుపట్టే నోరు నాకెక్కడిది?

రాతి దుమ్ము ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బొకటుందని, దాన్ని సిలికోసిస్ అంటారని, ఒకసారి వస్తే తగ్గదని, అదున్నోళ్ళకు క్షయ తొందరగా అంటుకుంటదని మా పిల్ల చెప్పింది. అమ్మ పనిలోకి పోయే నాటికే 1948 ఫ్యాక్టరీల చట్టం ఉంది. సర్కారుకు తెలియజేయాల్సిన జబ్బుల్లో సిలికోసిస్‌నూ చేర్చింది. కాగితం మీద 'కూలి' అని మాత్రమే ఉంటే ఆ చట్టం మా గడప దాకా ఎట్లా వస్తుంది?

రోగిని నువ్వేం పని చేస్తావని కూడా అడగమని ఇటలీ వైద్యుడు రామజ్జిని 1700లోనే వైద్యులకు చెప్పాడు. మన దేశంలో అదొక్కటి చాలదు. ఆ పనే నీ పాలికి ఎందుకొచ్చిందని కూడా అడగాలి. భూమి లేనోళ్ళెవరు, దుమ్ములో కూచున్నోళ్ళెవరు, ఆ పలక మీద తరతరాలుగా రాసుకున్నోళ్ళెవరు? ఇవి అడగని ఆరోగ్య పరీక్ష సగం పరీక్షే.

మా పిల్ల 'కూలి' కొట్టేసింది. పలకల ఫ్యాక్టరీ, కోత పని, ఇరవై ఏళ్ళు అని రాసింది. అవ్వ వీపు మీద చెయ్యేసి ఊపిరి చూసింది. ఒంగోలు పోయి ఎక్స్‌రే తీయిద్దామంది. తర్వాత ఫారంలో లేని మాటొకటి అడిగింది.

"అవ్వా, నీతో పన్జేసినోళ్ళు ఇంకెవరున్నారు?"

అమ్మ వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది. పోయినోళ్ళకు రెండు చేతులూ చాల్లేదు. బతికున్నోళ్ళు నలుగురు.

వచ్చే ఆదివారం ఆ నలుగురి ఇళ్ళకూ పోతున్నాం. ఈసారి రాసేది మార్కుల కోసం కాదు.